టోపీ కింద తెల్ల పాయ

మా అత్తగారు టోపీ పెట్టుకుని, చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఆవిడ ముందు పెట్టిన మొక్కజొన్న జావ మీద అప్పటికే తొరక కట్టింది. కుర్చీ పక్కన, నేల మీద, సర్దిన పెట్టె.

"షార్లెట్ బస్సు ఎన్నింటికి, జెనీవా?"

"ఇవాళ మధ్యాహ్నం ఒకటుంది అత్తమ్మా. రేపు పొద్దున ఇంకోటి."

అబద్ధం చెప్పి లాభం లేదు. బస్సు వేళలు ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. తేలిపోయే అబద్ధానికి పెట్టుబడి దండగ.

"అయితే రేపు పొద్దున దాకా చూస్తాను," అన్నారావిడ. "ఆ సంచులు రేపు బడి కలయికలో బల్లెక్కుతున్నాయని తెలిసిందా, షార్లెట్‌లో నా మేనకోడలింటికి పోతాను. ఎనభై ఎనిమిదేళ్ళొచ్చాక ముసల్దాన్ని పరాయి మంచం ఎక్కించారని మీరే ఊరికి చెప్పుకోండి."

"నానమ్మా, అది సంచి," అంది నా కూతురు రొషెల్ పొయ్యి దగ్గర్నుంచి. "కూరగాయలు తెచ్చుకునే సంచి."

"కూరగాయల సంచి మీద ఆమెను బోడితలతో నిలబెట్టావు."

"బోడితల ఎక్కడ? తల నిండా జుట్టేగా!"

"టోపీ ఏదీ?"

"తీసి పక్కన పెట్టింది. ఇంటికొచ్చాక నువ్వు తియ్యవా?"

"ఆమె తీసేది కాదు."

"ఇంట్లో కూడానా? పడుకునేటప్పుడు కూడానా?"

మా అత్తగారు జావ గిన్నెను రెండు వేళ్ళతో అవతలికి తోశారు. బుధవారం నాడు రొషెల్ కొత్త సంచి తెచ్చి చూపించినప్పటి నుంచి మా ఇంట్లో ఇదే వరస. ఆ రోజు ఆవిడ సంచిని చేతిలోకి తీసుకుని చూసి, బోర్లా తిప్పి బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ తర్వాత ఆవిడ నోట వచ్చినవి రెండే మాటలు: టోపీ, షార్లెట్.

మా షాపు మొహాల మీద నడుస్తుంది. అమెరికాలో మా నల్లవాళ్ళకు చదువు చెప్పిన పెద్దల మొహాలు. మేరీ మెక్‌లాడ్ బెతూన్ ఉన్న సంచులు టీచర్లు కొంటారు. బుకర్ టి. వాషింగ్టన్ కప్పులు తండ్రుల పండగకి పోతాయి. సెప్టిమా క్లార్క్ బ్యాడ్జీలు ఓట్ల కాలంలో చొక్కాలకెక్కుతాయి. ఊరూరా తెలిసిన మొహం తనను తానే అమ్ముకుంటుంది, మనం మూల్యం పుచ్చుకుంటే చాలు. ఒక్క ఊరికే తెలిసిన మొహం అలా కాదు. దాన్ని ఆ ఊరివాళ్ళు ప్రాణంలా కొంటారు, తేడా వస్తే ప్రాణం తీస్తారు.

మిస్ ఎవలీనా గ్రిమ్స్ అలాంటి మొహం. మా హాలోవెల్ ఊళ్ళో నల్లపిల్లల బడిని ఒంటిచేత్తో నడిపిన హెడ్మాస్టరమ్మ. పెళ్ళి చేసుకోలేదు. తెల్లవాళ్ళ బడితో కలిపి మా బడికి తాళం వేసిన మరుసటి ఏడు పోయింది. ఇప్పటికీ ఏటా ఒక శనివారం ఆ బడిలో చదివినవాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి, మిగిలిన ఒక్క వ్యాయామశాలలో కలుస్తారు. రేపే ఆ రోజు. మా షాపుకు అంతకంటే పెద్ద రోజు లేదు.

ఆమె ఫొటో ఊరి మొత్తానికి ఒక్కటే ఉంది. అందులో టోపీ కనుబొమల దాకా దిగి ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ ఫొటోనే విసనకర్రల మీదా, బ్యాడ్జీల మీదా వేసి అమ్మాను. ఈసారి సంచుల మీద రొషెల్ తన చేత్తో బొమ్మ గీసింది. టోపీ తీసేసింది. వేడి దువ్వెనతో ఇస్త్రీ చేయని జుట్టు, పుట్టినప్పుడు దేవుడిచ్చినట్టు, తల చుట్టూ గుండ్రంగా. దానికి తోడు నుదుటి మీద ఎడమవైపు ఒక తెల్ల పాయ.

ఆ పాయ రొషెల్‌దే. పుట్టుకతో వచ్చింది. దాని తండ్రి, నా పెనిమిటి లూషియస్‌కు కూడా సరిగ్గా ఆ చోటే ఉండేది. లూషియస్ కడుపులో ఉండగా ఇంటి పెరట్లో పిడుగు పడిందనీ, ఆ వెలుగు బిడ్డ తలకు అంటిందనీ మా అత్తగారు చెబుతారు. అందుకని మా ఇంట్లో ఆ పాయ పేరే పిడుగు. లూషియస్ పోయి ఆరేళ్ళయింది. కూతురి తల మీద అతని పిడుగు కనిపించినప్పుడల్లా చేతిలో పని ఆపి చూస్తాను.

"టోపీ కింద ఏముందో ఎవరికీ తెలియదు కదా," అంది రొషెల్ ఇప్పుడు. గొంతు తగ్గించింది. "ఖాళీ ఎందుకని నా పిడుగు ఆమెకు అప్పిచ్చాను. మన పెద్దవాళ్ళ బొమ్మలన్నీ చూడు నానమ్మా. జుట్టు ఇస్త్రీ, కాలరు ఇస్త్రీ, మూతి కూడా ఇస్త్రీయే. ఒక్కరైనా ఊపిరి పీల్చే మనిషిలా ఉండకూడదా?"

"ఊపిరి పీల్చాలంటే జుట్టు నున్నగా ఉండాల్సిన రోజులవి," అన్నారు మా అత్తగారు. "బడికి కట్టెలు అడగడానికి స్కూలు బోర్డు ఆఫీసుకు వెళితే, టోపీ లేని నల్లమనిషికి వెనక గుమ్మం చూపించేవాళ్ళు. ఆమె ముందు గుమ్మంలోంచి వెళ్ళింది. ఆమె కింద టీచరుగా నేను పక్కన ఉన్నాను. నాకు తెలుసు. నువ్వు ఇంట్లో కూర్చుని ఆమె టోపీ లాగేశావు."

అంటూ ఆవిడ సంచి మీది బొమ్మను వేలితో పొడిచారు.

షాపులో నిలబడి ముప్పై ఏళ్ళు జనాన్ని చూశాను. కొనేవాడి నోరు ఒకటి చెబుతుంది, చెయ్యి ఇంకోటి తడుముతుంది. నేను చెయ్యినే చూస్తాను. ఆవిడ నోరు టోపీ గురించి మాట్లాడుతోంది. వేలు మాత్రం తెల్ల పాయ మీద ఆగిపోయింది.

---

మా చర్చి పెద్ద డీకన్ ఓబీ పెట్టిగ్రూ విసనకర్రల కోసం షాపుకు వచ్చేసరికి ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. ఊళ్ళో మావాళ్ళ శవాలకు స్నానం చేయించి, బట్టలు కట్టి, పెట్టెలో పెట్టి సాగనంపే శాల ఆయనది, అంతకు ముందు వాళ్ళ నాన్నది. మా చర్చిలో ఊపుకునే విసనకర్రలన్నీ ఆయన పంచిపెట్టినవే. ముందువైపు మిస్ గ్రిమ్స్, వెనకవైపు ఆయన శాల పేరు, ఫోన్ నంబరు.

"బాగా వచ్చాయి సిస్టర్ జెనీవా," అన్నాడు ఒకటి తీసి ఊపుకుంటూ. "చెమట పట్టినప్పుడల్లా నన్ను తల్చుకోవాలి."

"పాస్టరు గారి ప్రసంగం పొడుగైతే తల్చుకుంటార్లెండి, ఆయన్ని ఎప్పుడు తీసుకుపోతారా అని."

"నీ వ్యాపారం నయం. కొన్నవాడు మళ్ళీ వస్తాడు. నా దగ్గరికి ఒకసారి వచ్చినవాడు మళ్ళీ మొహం చూపించడు."

"బాగా చేయలేదని పోట్లాటకూ రాడుగా."

పకపకా నవ్వాడు. నవ్వుతూనే బల్ల మీదున్న కొత్త సంచిని అందుకున్నాడు. అందుకున్నవాడి నవ్వు మధ్యలో ఎక్కడో దిగిపోయింది.

సంచిని వెలుతురు వైపు తిప్పాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరు చెప్పారిది?"

"ఏది?"

"ఈ తెల్ల పాయ. మిస్ ఒటీలియా చెప్పిందా?"

మిస్ ఒటీలియా అంటే మా అత్తగారే. "ఎవరూ చెప్పలేదు డీకన్. మా రొషెల్ ఊహ. తన జుట్టే చూసి గీసింది."

"ఊహ," అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. విసనకర్ర ఊపడం మానేశాడు.

నేను అడగలేదు. బేరంలో ముందు మాట్లాడినవాడిదే నష్టం. ఆయన సంచిని చూస్తూ కూర్చున్నాడు, నేను ఆయన్ని చూస్తూ నిలబడ్డాను.

"మా పనిలో ఒక నియమం ఉంది," అన్నాడు చివరికి. "లోపలి గదిలో చూసింది లోపలి గదిలోనే వదిలెయ్యాలి. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది."

"మంచి పాఠమే."

"మిస్ గ్రిమ్స్ పోయినప్పుడు నేను పని నేర్చుకుంటున్నాను. జుట్టు దువ్వి సర్దడానికి మా దగ్గర మనిషి ఉంది. మీ అత్తగారు ఒప్పుకోలేదు. తన దువ్వెన, తన వేడి దువ్వెన, తన నూనె, అన్నీ ఇంటి నుంచి తెచ్చుకుంది. ఈ తల మీద పరాయి చెయ్యి పడకూడదు అంది. తలుపేసుకుంది. మా ఆడవాళ్ళు తమవాళ్ళకు అలా చేసుకోవడం మామూలే, అక్కకో తల్లికో. కానీ హెడ్మాస్టరమ్మకి కింద పనిచేసిన టీచరు చెయ్యడం నేను చూడడం అదే మొదలు. నన్ను నీళ్ళు తెమ్మన్నారు. తీసుకెళ్ళాను."

"తీసుకెళ్ళి?"

"నీళ్ళు పెట్టి వచ్చేశాను." లేచాడు. విసనకర్రల కట్టను చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "లూషియస్, నేనూ ఒకే బెంచీ, తెలుసుగా. రోజూ వాడి తల పక్కన నా తల. నేను ఎవరికీ చెప్పలేదు సిస్టర్. వాడికి కూడా చెప్పలేదు. ఇవాళ నీకు కూడా ఏమీ చెప్పలేదు."

కారు తలుపు చప్పుడైంది. నేను గల్లా దగ్గరే నిలబడి ఉన్నాను. ఎవరో లోపలికొచ్చి బెతూన్ సంచి ఎంత అని అడిగారు. ఏదో ధర చెప్పాను. ఎంత చెప్పానో నాకే తెలియదు.

---

పెట్టె సర్దుకున్న మనిషి వెనక వరండాలో కూర్చుని రేపటి కూరకు చిక్కుళ్ళు ఒలుస్తోంది. మా అత్తగారు తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. టోపీ మాత్రం తలమీదే ఉంది. నేను ఇంకో గిన్నె తెచ్చుకుని ఎదురుగా కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను.

"ఓబీ వచ్చాడా?"

"వచ్చాడు."

"విసనకర్రలు పట్టుకెళ్ళాడా?"

"పట్టుకెళ్ళాడు. సంచి చూశాడు."

ఆవిడ వేళ్ళు ఆగలేదు. కానీ గింజలు తొక్కల గిన్నెలోనూ, తొక్కలు గింజల గిన్నెలోనూ పడుతున్నాయి.

"ఏమన్నాడు?"

"ఏమీ అనకూడదన్నాడు."

"అని?"

"అనేశాడు."

వీధిలో ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు. అది ఇంటి దగ్గరికొచ్చి, మళ్ళీ దూరం పోయింది.

"అత్తమ్మా," అన్నాను. "పిడుగు రెండిళ్ళ మీద పడిందా?"

"మీ మామగారు బతికుంటే నిన్నిలా అడగనిచ్చేవాడు కాదు."

"బతికుంటే మిమ్మల్ని వదిలేసి ఆయన్నే అడిగేదాన్ని."

ఆవిడ మూతి ఒక పక్కకు కదిలింది. నవ్వో, నొప్పో. ఒళ్ళో ఉన్న తొడుగులను ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచేశారు.

"నేను కనలేదు జెనీవా."

ఆ మాట కోసమే కూర్చున్నాను. వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"చదువు చెప్పే ఆడదానికి పెళ్ళయితేనే మొహాలు మాడ్చుకునే రోజులు. పెళ్ళి లేకుండా బిడ్డంటే ఆమె ఉద్యోగం ఒక్కటే పోదు, బడి పోతుంది. బోర్డువాళ్ళు సాకు కోసమే కాచుకున్నారు. వేసవి చదువుకు న్యూయార్క్ పోతున్నానని ఊరికి చెప్పింది. ఇక్కడ టీచర్లకు పైచదువు చెప్పే కాలేజీలు మమ్మల్ని గుమ్మం తొక్కనిచ్చేవా? అందరూ అలాగే పోయేవాళ్ళు, ఎవరికీ అనుమానం రాలేదు. నేను సవానాలో మా అక్క దగ్గరికి పురిటికి పోయాను. కడుపు లేని పురుడు. ఆమె అక్కడికే వచ్చి కంది. తిరిగొచ్చేటప్పుడు నా ఒళ్ళో లూషియస్ ఉన్నాడు."

"తండ్రి?"

"అది అడగకు. అది ఇంకో ఇంటి సంగతి."

నేను ఇంకో చిక్కుడుకాయ అందుకున్నాను.

"ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉందా పాయ. పిల్లలు నవ్వుతారని మొదట్లో మసి రాసుకునేది. తర్వాత ఆ పాయే వీడికి వచ్చింది. ఇంక మసి మీద నమ్మకం పోయింది. క్లాసులో కూడా టోపీ తియ్యడం మానేసింది. మర్యాద, మర్యాద అని ఊరంతా పాఠాలు చెప్పుకున్నారు కదా ఆ టోపీ గురించి? ముందు బెంచీలో తెల్ల పాయ వాడు కూర్చుంటాడు, జెనీవా. అందుకని తియ్యలేదు. వాడికి ఒక్క మార్కు ఎక్కువ వేయలేదు. ఒక్కసారి భుజం తట్టలేదు. శనివారాలు తలంటుకోవడానికి మా ఇంటికొచ్చేది. నేను దువ్వుతుంటే వాడు పెరట్లో ఆడుకునే చప్పుడు వినేది. అంతే ఆమెకు దక్కింది."

నా చేతిలో చిక్కుడుకాయ ఎప్పుడో నలిగిపోయింది.

"అత్తమ్మా, ఇప్పుడు తెలిస్తే ఏమవుతుంది? ఆమె ఉద్యోగం తీసేవాళ్ళు లేరు. బడే లేదు."

"ఆమెకేమీ కాదు. ఆమె దేవత. నాకవుతుంది." ఆవిడ గింజల గిన్నెను పక్కన పెట్టారు. "ఆ సంచితో నాకు పేచీ లేదు. ఆ సంచి బల్ల మీద, ఆ పిల్ల బల్ల వెనక. రెండు తలలూ పక్కపక్కన. ఇన్నేళ్ళూ మేమిద్దరం ఏది జరగకుండా కాపాడామో, అదే రేపు గుడ్డ పరిచి ఊరందరికీ అమ్మబోతున్నావు. ఆమె పేరు వీధికుంది. గ్రంథాలయానికుంది. నా పేరు దేనికుంది? ఆ పిల్ల నానమ్మా అని పిలిచే పిలుపుకుంది. అది కూడా పోయి ఆమె పద్దులోనే పడితే, నాకు మిగిలేదేంటి చెప్పు. నువ్వు లెక్కల మనిషివి కదా."

లెక్కల మనిషినే. ఈ లెక్క నాకు రాలేదు.

చేతనైన పని ఒక్కటే తోచింది. "టోపీ పెట్టిస్తాను," అన్నాను. "అచ్చు మీద అచ్చు. ముదురు నీలం రంగులో టోపీ ఒక్కటి వేస్తే పాయ కనిపించదు. సాయంత్రానికి అయిపోతుంది."

"కారణం అడుగుతుంది."

"అడుగుతుంది."

"చెప్పకు."

"ధర చెప్పకుండా సరుకు అమ్మమంటున్నారు. ప్రయత్నం చేస్తాను."

---

పెరటి షెడ్డులో బొమ్మలు అచ్చేసే స్క్రీన్లు కడుగుతున్న రొషెల్ నా మాట పూర్తికాకముందే పైపు కట్టేసింది.

"ఎవరడిగారు? డీకనా?"

"నేనే అడుగుతున్నాను."

"ఎందుకు?"

"షాపు నాది కనక."

"బొమ్మ నాది కనక నేను వెయ్యను."

"టోపీ ఉంటే అమ్ముడుపోతుంది. లేకపోతే సగం మంది మొహం తిప్పుకుంటారు."

"బుధవారం నువ్వే కదమ్మా ఈ బొమ్మ చూసి, ఇది శనివారం పొద్దున్నే ఖాళీ అవుతుంది, ఇంకో కట్ట వెయ్యమన్నది? శుక్రవారానికి మార్కెట్ పడిపోయిందా?"

నా కూతురు. మాట ఎక్కడ పట్టుకోవాలో నా దగ్గరే నేర్చుకుంది. నేను రంగు డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాను.

"నీకో సంగతి చెబుతాను," అంది రొషెల్. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంది. "బుధవారం నానమ్మ గదిలోకి వెళ్ళాక, సారీ చెబుదామని వెనకే వెళ్ళాను. తలుపు సందులోంచి చూశాను. తన దగ్గర ఇంకో సంచి ఉంది, నేనిచ్చింది కాదు. ఎప్పుడు తీసుకుందో. ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. సరే, కోపమొచ్చినవాళ్ళు కూడా ఏడుస్తారు. కానీ ఆ పాయను నిమురుతోందమ్మా. ఇలా, వేలితో. నాకు నిమిరినట్టే. కోపమొస్తే నిమురుతారా?"

"ముసలితనం. ఏవో గుర్తొచ్చి ఉంటాయి."

"ఏం గుర్తొచ్చాయి?"

నా నాలుక చివర ఉంది. ఒక్క మాటతో కూతురికి నాయనమ్మను ఇచ్చి, ఇంకో నాయనమ్మను తీసుకోవాలి. అది నా సరుకు కాదు. నా గోదాములో పడి ఉన్నంత మాత్రాన నాదైపోదు.

"నాకు తెలియదు," అన్నాను.

రొషెల్ నా మొహంలోకి అలాగే చూసింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. "టోపీ గీయడం నాకు గంట పని. కష్టమేంటో తెలుసా? నాకు తెలియనిదేదో నా చేత్తోనే కప్పిస్తున్నావు. అదీ కష్టం."

అయినా గీసింది. కత్తితో కాగితంలో టోపీ ఆకారం కోసి, స్క్రీనుకు ఎక్కించి, మొదటి సంచిని బల్ల మీద పరిచింది. రబ్బరు పట్టీతో రంగు లాగబోతుండగా షెడ్డు గుమ్మంలో నీడ పడింది. మా అత్తగారు. గోడ పట్టుకుంటూ పెరడంతా నడిచి వచ్చారు.

"కానివ్వు," అన్నారు.

రొషెల్ ఒక్క లాగు లాగింది. స్క్రీను ఎత్తింది. నీలం టోపీ నుదుటి మీదికి దిగింది. తెల్ల పాయ పోయింది. ఊరికి తెలిసిన మిస్ గ్రిమ్స్ మళ్ళీ వచ్చి కూర్చుంది, ఎవరి వైపూ చూడకుండా.

"బాగా కుదిరింది," అన్నారు మా అత్తగారు.

నేను ఊపిరి వదిలాను. బస్సు లేదు, గొడవ లేదు, రేపు సరుకు బల్ల మీద ఉంటుంది. అందరికీ గిట్టుబాటయ్యే బేరం. ఇక ఆవిడ ఇంట్లోకి వెళ్ళడమే తరువాయి.

వెళ్ళలేదు. ఆ సంచినే చూస్తూ నిలబడ్డారు. రొషెల్ రెండో సంచి పరిచి రంగు పోసింది.

"ఆగు," అన్నారావిడ.

"ఏమైంది నానమ్మా? వంకర పోయిందా?"

"వంకర పోలేదు. బతికుండగా టోపీ ఆమే పెట్టుకుంది. ఇప్పుడు పెడుతున్నది నేను." నా వైపు తిరిగారు. "రేపు రొషెల్‌ను తలకు గుడ్డ కట్టుకుని రమ్మంటాను. ఎల్లుండి? చర్చికి? నేను పోయిన రోజున నా పెట్టె పక్కన నిలబడినప్పుడు కూడా తల కప్పుకునే నిలబడాలా అది?"

"నానమ్మా, ఏం మాట్లాడుతున్నావు?"

"ఆ ముక్కాలిపీట ఇటు లాగు. నువ్వు కింద కూర్చో. తల విరబోసుకుని తిరుగుతావు, చూడలేక చస్తున్నాను."

రొషెల్ నన్ను చూసింది. నేను రంగు డబ్బాను చూశాను. మా ఇళ్ళల్లో ఆడపిల్ల ఎంత పెద్దదైనా, తల దువ్వుతాను కూర్చో అని పెద్దావిడ అంటే కూర్చోవలసిందే. రొషెల్ నేల మీద కూర్చుని, చిన్నప్పటిలాగే ఆవిడ మోకాళ్ళ మధ్య వీపు ఆనించింది. మా అత్తగారు దాని తల తన వైపు వంచుకున్నారు. వేళ్ళతో జుట్టు పాయలు తీశారు. తెల్ల పాయ దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు వాటంతట అవే నెమ్మదించాయి.

"ఇది మొండిది," అన్నారు. "ఎడమకు దువ్వితే కుడికి పోతుంది. తడిచేసి, కింది నుంచి పట్టుకుంటే గానీ మాట వినదు. ముగ్గురికి దువ్వాను, నాకు తెలియదూ?"

రొషెల్ కళ్ళు మూసుకుని నవ్వింది. "ముగ్గురెక్కడే ముసలీ? నాన్నకీ, నాకూ."

"ముగ్గురికి."

నేను షెడ్డులోంచి వెళ్ళిపోవాలో, ఉండాలో తెలియక తలుపు చెక్క పట్టుకున్నాను.

"నాన్న," అంది రొషెల్ మళ్ళీ, ఈసారి నవ్వు లేకుండా. "నేను." కళ్ళు తెరిచింది. ఎదురుగా తాడు మీద ఆరేసిన సంచులున్నాయి, ఇంకా టోపీ పడనివి. వరసగా అన్నీ దానివైపే చూస్తున్నాయి. ఆ పిల్ల చెయ్యి మెల్లగా లేచి తన నుదుటిని తాకింది. అక్కడ ఉన్న ముసలి వేళ్ళను తాకింది.

"నానమ్మా..."

మా అత్తగారి చేతులు ఆగిపోయాయి.

"ఇంకోసారి పిలువు," అన్నారు.

రొషెల్ తల తిప్పి ఆవిడ మొహంలోకి చూసింది. పిలవలేదు.